చుక్క నీళ్లు కూడా వద్దన్నారు

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం, మా వదిన నీళ్లు తాగడం మానేసిందేమోనని.

ఈ మాట ఎవరితో అన్నా నవ్వేస్తారు. దాహం వేస్తే మనిషి తాగకుండా ఉంటుందా, ఎవరైనా చెప్పాలా అంటారు. నేను మామూలుగానే భయస్తురాలిని. బిడ్డ తుమ్మితే భయం, చాలాసేపు తుమ్మకపోయినా భయమే. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. అందుకని నాకు ‘అలారం’ అని పేరు పెట్టాడు. ఎవరూ ఇరుక్కోకముందే మోగుతానట. కానీ వదిన గురించిన ఈ భయం అలాంటిది కాదు. ఎందుకో చెబుతాను. చెప్పాక మిమ్మల్ని ఒకటి అడగాలి కూడా.

వదిన అంటే మా ఆయనకు అక్క. పెళ్లయి, కొడుకు పుట్టి, ఆ కొడుకు పోయి, ఆ తర్వాత మొగుడు కూడా తన దారి తను చూసుకుంటే, తమ్ముడి దగ్గరికి వచ్చి ఉండిపోయింది. నేను కాపురానికి వచ్చేసరికి ఆ రెండు గదుల ఇంటికి ఆవిడే యజమానురాలు. మేడ పైన చివరి అంతస్తు. కప్పు మీద ఎండ పడితే గోడలు కూడా చెయ్యి పెట్టనివ్వవు. మొదటిరోజు నేను బెరుగ్గా “వదినగారూ, మీరు కూర్చోండి, నేను చేస్తాను” అన్నాను.

“గారూ గీరూ అన్నావంటే నేనేదో ఆఫీసరమ్మని అనుకుని బిగుసుకుపోతాను. వదినా అను. నువ్వు అను. ముందు ఈ నీళ్లు తాగు, మెట్లెక్కి వచ్చావు” అంది.

ఆవిడ చేతి నుంచి నేను అందుకున్న మొదటి వస్తువు అదే, స్టీలు గ్లాసుతో నీళ్లు.

వదిన ఒక పెద్ద లాండ్రీలో పనిచేసేది. కొన్నాళ్లకు నన్నూ అక్కడే పెట్టించింది. నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని, కానీ కుట్టు వచ్చు. చిరిగిన దుప్పట్లకు అతుకులు వేసే బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. ఊళ్లో ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు అన్నీ మా దగ్గరికే వచ్చేవి. వదినది ఇస్త్రీ గది. అక్కడ ఇస్త్రీపెట్టె పట్టుకుని చేసే పని ఉండదు. గది పొడవునా ఒక పెద్ద రోలరు, దాని లోపల ఆవిరి. ఇద్దరు ఆడవాళ్లు ఇటువైపు నుంచి తడి దుప్పటిని చెరో మూలా పట్టుకుని అందిస్తారు. అటువైపు ఇంకో ఇద్దరు, పొగలు కక్కుతూ వచ్చినదాన్ని పట్టి మడతపెడతారు. వదిన అటువైపు మనిషి. ఆవిడ ఎడమ ముంజేతి మీద రోలరు కాల్చిన మచ్చ ఉంటుంది, స్కేలు పెట్టి గీసినట్టు. మడత పూర్తయ్యాక దుప్పటి మీద అరచేత్తో రెండుసార్లు మెల్లగా తడుతుంది. అది పనిలో భాగం కాదు. ఎవరూ నేర్పలేదు. పసిబిడ్డను జోకొట్టినట్టు తట్టి, పక్కన పెట్టి, ఇంకోటి అందుకుంటుంది.

ఆ వేడిలో మనుషులు పడిపోకుండా మూలన ఒక డ్రమ్ము ఉండేది. పొద్దున్నే దాన్నిండా నీళ్లు పట్టి, గుప్పెడు ఉప్పు, కాస్త పంచదార వేస్తారు. గంట కొట్టినప్పుడల్లా, దాహం వేసినా వేయకపోయినా, అందరూ గ్లాసుడు తాగాల్సిందే. ఆ గంట కొట్టే పని వదినదే. అందుకని అక్కడ అందరూ ఆవిడను ‘కుళాయక్క’ అనేవాళ్లు.

“కుళాయక్క వస్తోంది, గ్లాసులు దాచెయ్యండే.”

“దాచుకోండి. దోసిట్లో పోస్తాను.”

“పొద్దుటి నుంచి బాత్రూముకీ రోలరుకీ తిరగడమే సరిపోయింది అక్కా. దుప్పట్లు ఎప్పుడు మడతపెట్టేది?”

“ఎండిన దుప్పటిని రోలర్లో పెట్టి చూడు, ముడత చావదు. కాస్త తడి ఉంటేనే సాఫీగా వస్తుంది. మనిషీ అంతే. దాహం వేసేదాకా ఆగావంటే అప్పటికే ఆలస్యం. తాగు.”

ఆవిడకు అన్నిటికీ మందు అదే. తలనొప్పికి నీళ్లు, ఎక్కిళ్లకు నీళ్లు, కోపానికి నీళ్లు, సూపర్వైజరు తిడితే నీళ్లు. నేను నీళ్లోసుకున్నానని తెలిసిన రోజు ఇస్త్రీ గదిలో ఒకటే నవ్వులు. “కుళాయక్క ఇంట్లో కాపురం చేస్తూ నీళ్లోసుకోక ఏం చేస్తుంది” అన్నారు. వదిన కూడా నవ్వింది. నవ్వుతూనే డ్రమ్ము వైపు తిరిగి గ్లాసు నింపి నాకిచ్చింది. అది పొర్లి కింద కారుతున్నా ఆవిడ చూసుకోలేదు. సంతోషంతో అనుకున్నాను.

పాప బొత్తిగా బక్కగా పుట్టింది. దాన్ని చూడగానే వదిన “పిచ్చుక పిల్లలా ఉంది” అంది. అప్పటి నుంచి దానికి అదే పేరు, పిచ్చుక.

ఇంటికి నర్సమ్మ వచ్చి బరువు చూసి వెళుతుండేది. మొదటిసారి వచ్చినప్పుడే గట్టిగా చెప్పింది. “ఆరు నెలలు నిండేదాకా తల్లి పాలే. ఇంకేం వద్దు. చుక్క నీళ్లు కూడా పోయొద్దు.”

వదిన పక్కనే కూర్చుని పాప గుడ్డలు మడతపెడుతోంది. ఆ చేతులు ఆగిపోయాయి.

“ఎండాకాలం వస్తోందిగా” అంది.

“వచ్చినా సరే.”

“నోరెండిపోతే?”

“పాలు పట్టండి. పాలల్లో ఉన్నవి నీళ్లే కదమ్మా.”

వదిన చేతిలో ఉన్న గుడ్డను మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టింది. నర్సమ్మ వెళ్లాక నేను “విన్నావుగా వదినా” అన్నాను. “వినకేం” అని తలూపింది.

ఆవిడ కొడుకు ఎలా పోయాడో నాకు అప్పటికి తెలియదు. ఏదో ఎండాకాలంలో జబ్బు చేసి పోయాడని మాత్రం మా ఆయన ఒకసారి అన్నాడు. ఆ సంగతి ఇంట్లో ఎత్తేవాళ్లు కాదు.

నేను మళ్లీ పనిలోకి వెళ్లేసరికి ఎండలు బాగా ముదిరాయి. వదిన పొద్దుటి షిఫ్టు చేసి మధ్యాహ్నానికి వచ్చేస్తే, పాపను ఆవిడ చేతుల్లో పెట్టి నేను వెళ్లేదాన్ని. పాలు పిండి సీసాలో పోసి, ఫ్రిజ్‌లో పెట్టి, ఎలా వెచ్చబెట్టాలో రోజూ చెప్పేదాన్ని. రోజూ ఆవిడ “ఈ పాఠం నాకు నిద్రలో అడిగినా అప్పజెబుతాను, వెళ్లవే అలారం” అనేది. మా ఆయన పెట్టిన పేరు ఆవిడ నోట ఇంకా ముద్దుగా ఉండేది.

మధ్యాహ్నాలు కరెంటు పోయేది. ఆ కప్పు కింద, ఆ వేడిలో, పాపా ఆవిడా ఇద్దరే.

కొన్నాళ్లకు పాప ముఖం నిండుకుంది. బుగ్గలు వచ్చాయి, పాదాలు ఉబ్బుగా, మెత్తగా అయ్యాయి. కింది అంతస్తు టీచరమ్మ మెట్ల మీద చూసి “పిల్ల ఒళ్లు చేసిందే” అంది. మా ఆయన మురిసిపోయాడు. “పిచ్చుక కాస్తా పావురమైంది” అన్నాడు. వదిన పాపను భుజాన వేసుకుని వీపు మీద రెండుసార్లు తట్టింది. “మేనత్త చేతి చలవ” అంది. ఆవిడ ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు.

నాకు మాత్రం మనసు ఒప్పలేదు. పాప ఎప్పుడూ నిద్రలోనే ఉండేది. నేను ఇంటికి వచ్చి పాలిస్తే రెండు గుక్కలు తాగి వదిలేసేది. గుడ్డలు ఎన్ని మార్చినా తడుస్తూనే ఉండేవి. ఒళ్లు పట్టుకుంటే, అంత వేడి గదిలో, చల్లగా తగిలేది.

“కడుపు నిండిన పిల్ల పడుకోక ఏం చేస్తుంది” అంది వదిన.

“అలారం మోగింది” అన్నాడు మా ఆయన.

ఆరోజు నేను బల్ల దగ్గర కూర్చుని కుడుతున్నాను. గేటు దగ్గర కేకలు వినిపించాయి. తలెత్తితే వదిన. చెప్పులు లేవు. పాపను రెండు చేతుల్లో పళ్లెంలా పట్టుకుని వస్తోంది.

“అమ్మాయ్, చూడు. ఒక చెయ్యి కొట్టుకుంటోంది. ఆగట్లేదు” అంది. అరవలేదు. మామూలు గొంతుతోనే అంది.

పాప కళ్లు పైకి పోయాయి. కుడి చెయ్యి, పెదవి మూల, ఒకే లయలో అదురుతున్నాయి. తర్వాత ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. దుప్పట్ల వ్యాను అప్పుడే ఆసుపత్రికి బయలుదేరుతోంది. డ్రైవరు మమ్మల్ని వెనకాల ఉతికిన దుప్పట్ల మూటల మీద కూర్చోబెట్టి తీసుకుపోయాడు. దారంతా వదిన పాప ముఖం వంకే చూస్తూ కూర్చుంది.

ఆసుపత్రిలో పాపను లాగేసుకున్నట్టు తీసుకుని లోపల పడుకోబెట్టారు. దాని కింద పరిచిన దుప్పటి మూలన ఒక అతుకు కనిపించింది. నేను వేసిందే. దాన్నే చూస్తూ నిలబడ్డాను, ఇంకెటు చూడాలో తెలియక.

పిల్లల డాక్టరు చిన్న వయసు మనిషి. చేతులతో పని చేసుకుంటూనే అడిగింది. “ఏం పడుతున్నారు?”

“పాలేనండి. నా పాలే” అన్నాను.

“ఇంకేమైనా?”

“ఏమీ లేదండి.”

ఆవిడ వదిన వైపు చూసింది. “మధ్యాహ్నాలు మీ దగ్గర ఉంటుందా? మీరేమైనా పట్టారా?”

తేల్చి చెప్పలేక తటపటాయించేవాళ్లను నీళ్లు నములుతున్నావేం అంటాం. మా వదిన నోట్లో ఆ క్షణం నిజంగానే ఏదో ఉన్నట్టు దవడలు కదిలాయి. తర్వాత చెప్పేసింది.

“నీళ్లు.”

“ఎన్ని?”

“తాగినన్ని. కాచి, చల్లార్చి, వడగట్టే పోశాను. మొదట చెంచాతో. తర్వాత సీసాతో. సీసా పెడితే నోరు తెరిచేది. దాహం లేనిదే తెరవదు కదమ్మా.”

డాక్టరు వెంటనే నర్సుకు ఏదో చెప్పింది. రక్తం తీసి పంపారు. అది వచ్చేదాకా కూడా ఆగకుండా సన్నని గొట్టం పెట్టి ఏదో ఎక్కించారు. కాసేపటికి చెయ్యి అదరడం ఆగింది. అప్పుడొచ్చి మాకు చెప్పింది.

“ఉప్పు నీళ్లు ఎక్కిస్తున్నాం. పాలల్లో నీళ్లు కలిపితే పలచబడతాయి కదా, అలా పాప రక్తంలో ఉప్పు పలచబడిపోయింది. అప్పుడు ఆ నీళ్లు మెదడులోకి చేరి ఉబ్బు వస్తుంది. ఫిట్స్ అందుకే. పెద్దవాళ్లు పందెం కట్టి బిందెడు తాగినా ఇదే గతి. కాకపోతే మనం కొంత బయటికి పంపించేసుకుంటాం. ఇంత పసివాళ్ల మూత్రపిండాలకు ఆ శక్తి ఇంకా రాదు. కొంచెం నీళ్లే వాళ్లకు బిందెడు.”

“మరి ఒళ్లు చేసిందన్నారు అందరూ” అన్నాను.

“ఒళ్లు కాదమ్మా, అది నీరు.”

వదిన అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఒక అడుగు ముందుకు వేసింది.

“డాక్టరమ్మా, ఒకటి అడగనా? నాకూ ఒక కొడుకు ఉండేవాడు. ఇంత కన్నా కొంచెం పెద్దవాడు. ఎండాకాలంలో విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లు పోస్తే ఇంకా ఎక్కువవుతాయి, చుక్క నీళ్లు కూడా పోయొద్దన్నారు ఇంట్లో పెద్దవాళ్లు. నేను పోయలేదు. వాడి నాలుక అట్టలా ఎండిపోయింది. నా గాజుల మీద తడి ఉంటే నాకాడు. అయినా పోయలేదు. ఈ పిల్ల పుట్టాక నర్సమ్మ వచ్చి మళ్లీ అదే మాట అంది. చుక్క నీళ్లు కూడా అని. అదే మాట. ఆ మాట ఒకసారి విన్నాను కదా, ఇంక వినకూడదనుకున్నాను. అప్పుడు పెద్దవాళ్లు చెప్పింది నిజమేనా?”

డాక్టరు అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని నేను ఇప్పటికీ అనుకుంటాను.

“కాదమ్మా” అంది. “విరేచనాలయ్యే బిడ్డకు ఒంట్లో నీళ్లు పోతుంటాయి. పాలు ఆపకుండా, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు కొంచెం కొంచెంగా పట్టాల్సింది.”

“మా డ్రమ్ములో నీళ్లలాంటివి” అంది వదిన.

“ఏ డ్రమ్ము?”

“ఏం లేదులేమ్మా.” మళ్లీ గోడ దగ్గరికి వెళ్లింది. “అంటే అప్పుడు పోయాల్సింది. ఇప్పుడు పోయకూడనిది” అంది తనలో తను. ఆ మాట రెండు మూడుసార్లు అనుకుంది, పాఠం కంఠతా పెట్టుకునే చిన్నపిల్లలా.

మా ఆయన అప్పుడొచ్చాడు. చేతులకు గ్రీజు అలాగే ఉంది. వరండాలో నేను జరిగింది చెప్పాను. ఆయన మంచివాడే. అక్క మాట ఏనాడూ జవదాటినవాడు కాదు. కానీ భయం పుట్టినప్పుడు మనిషి నోట్లోంచి ఏది వస్తుందో ఆ మనిషికే తెలియదు. వదిన దగ్గరికి వెళ్లి, మెల్లగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు అన్నాడు.

“నీ కొడుకు దాహం తీర్చుకోవడానికి నా కూతురే దొరికిందా అక్కా?”

వదిన ఏడవలేదు. “లేదురా” అంది. అంతే.

పాప బతికింది. కళ్లు తెరిచి, గొంతు చించుకుని ఏడ్చి, పాల కోసం నన్ను వెతుక్కుంది. బుగ్గల ఉబ్బు తీసి మళ్లీ బక్కచిక్కిన పిచ్చుకలా అయ్యింది. ఆ బక్క ముఖాన్ని చూసి ఏ తల్లీ అంత సంతోషించి ఉండదు. ఇంటికి తీసుకొచ్చాం.

వదిన మాత్రం ఆసుపత్రిలోనే ఎక్కడో ఉండిపోయినట్టయింది. పాప ఏడిస్తే నా వంక చూసేది గానీ ఎత్తుకునేది కాదు. నేను తీసుకెళ్లి ఒళ్లో పెట్టబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. “తడి చేతులు” అంది. తుడుచుకోవచ్చు కదా అన్నాను. తుడుచుకోలేదు. మా ఆయన చాలాసార్లు ఆవిడ ముందుకు వెళ్లి నిలబడేవాడు, ఏదో అనబోయి ఫ్యాను రెగ్యులేటరు తిప్పి వచ్చేసేవాడు. అన్న మాటను ఎలా వెనక్కి తీసుకోవాలో ఆయనకు తెలియలేదు.

భోజనం దగ్గర నేను ముగ్గురికీ గ్లాసులు పెట్టేదాన్ని. అందరం లేచాక ఆవిడ గ్లాసు నిండుగానే ఉండేది.

“తాగలేదేం వదినా?”

“తాగుతాలే.”

మరునాడూ అంతే. పెదవులు పగిలి నెత్తురు చారలు కనిపించేవి. లాండ్రీలో ఆవిడతో జతగా మడతపెట్టే ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చి అంది. “మీ ఇంట్లో ఏమైందే? కుళాయక్క గంట కొట్టట్లేదు. మేం కొడితే గ్లాసు పట్టుకుని అటు తిరుగుతుంది. నీళ్లు మళ్లీ డ్రమ్ములో పోసేస్తోంది. ఆ రోలరు ముందు ఎన్నాళ్లు నిలబడుతుంది అలా?”

ఎన్నాళ్లో నిలబడలేదు. ఒక మధ్యాహ్నం దుప్పటి పట్టుకునే జారిపోయిందని కబురొచ్చింది. పరిగెత్తాను. ఉతకని దుప్పట్ల గుట్టకు ఆనించి కూర్చోబెట్టారు. డ్రమ్ములోంచి గ్లాసు ముంచి పట్టుకెళ్లాను.

“నోట్లోకి తీసుకుంటానే” అంది నాతో. “గొంతు దాటదు. ఒకడికి ఇవ్వాల్సినప్పుడు ఇవ్వలేదు. ఒకదానికి ఇవ్వకూడనప్పుడు ఇచ్చాను. ఇంక నేను తాగితే ఎంత, తాగకపోతే ఎంత.”

నాకు పెద్ద మాటలు తెలియవు. గ్లాసు ఆవిడ ముందు పట్టుకుని అలాగే నిలబడ్డాను. రోలరు తిరుగుతూనే ఉంది. జత ఆవిడ ఒక్కతే దుప్పట్లు లాగుతోంది.

“పనికి పోవా?” అంది వదిన.

“నువ్వు తాగేదాకా కదలను.”

“సూపర్వైజరు తిడతాడు.”

“తిడితే నీళ్లు తాగమన్నావుగా, తాగుతాను.”

ఆవిడ మూతి ఒక పక్కకు కదిలింది. నవ్వే అది. గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగి నా వంక చూసింది. నేను కదల్లేదు. ఇంకో గుక్క. మొత్తం అయ్యేదాకా నిలబడ్డాను. “అలారానివే నువ్వు” అని గ్లాసు తిరిగి ఇచ్చింది.

అప్పటి నుంచి అదే పద్ధతి. నేను నిలబడితే తాగేది, లేకపోతే లేదు. ఇంట్లో నిలబడేదాన్ని, పనిలో బల్ల వదిలి వెళ్లి నిలబడేదాన్ని. ఆవిడకు అదీ కష్టమైందేమో. నన్ను తన చుట్టూ తిప్పుకుంటున్నానని, పాపకు అవసరమైనదాన్ని తను లాక్కుంటున్నానని అనుకుందేమో. తెలియదు. ఒక పొద్దున లేచేసరికి ఆవిడ చాప చుట్టి గోడకు నిలబెట్టి ఉంది. బట్టల సంచీ లేదు. సింకు పక్కన ఆవిడ స్టీలు గ్లాసు కడిగి బోర్లించి ఉంది. పాప గుడ్డలన్నీ మడతపెట్టి ఉన్నాయి.

మా ఆయన ఆరోజు పనికి వెళ్లలేదు. బస్టాండు, రైల్వే స్టేషను, ఆవిడ అత్తవారి ఊరు, అన్నీ తిరిగాడు. వదిన లాండ్రీలో రావలసిన జీతం కూడా అడగకుండా పోయింది. ఇప్పటికీ ఆయన హోటళ్లలో లిఫ్టు బాగుచేయడానికి వెళితే, పని అయ్యాక కింద లాండ్రీ గదిలోకి వెళ్లి చూసి వస్తాడు. ఆ సంగతి నాకు చెప్పడు. చొక్కాకు సబ్బు ఆవిరి వాసన వస్తుంది, దాన్నిబట్టి తెలుసుకుంటాను. ఏ చొక్కాకు ఆ వాసన వచ్చినా నేను ఏమీ అడగను. దొరికి ఉంటే ఆయనే చెప్పేవాడు.

వదిన వెళ్లిపోయాక పాపను మళ్లీ ఆ డాక్టరుకు చూపించాను. పాప బాగా ఎదుగుతోందంది. “ఆవిడ రాలేదేం, మేనత్త?” అని అడిగింది. వెళ్లిపోయిందని చెప్పాను. డాక్టరు కలం మూత పెట్టేసింది. “ఆరోజు నీళ్లు అన్న ఒక్క మాట ఆవిడ చెప్పకపోయి ఉంటే, మేం జ్వరమా, ఇన్ఫెక్షనా అని వెతుక్కుంటూ ఉండేవాళ్లం. అంతసేపు పాప ఆగేది కాదు. తిడతారని తెలిసీ చెప్పింది. చాలామంది చెప్పరు” అంది.

ఈ మాట మా వదినకు చేరలేదు. ఆవిడకు చేరిన మాటలన్నీ వేరే.

పాపకు ఆరు నెలలు దాటాయి. నీళ్లు కొంచెం కొంచెంగా పట్టొచ్చన్నారు. మొదటిసారి చెంచా నోటికి పెడితే సగం నీళ్లు దాని గౌను మీదే పోయాయి. అది చప్పరించి ఇంకా కావాలని నోరు తెరిచింది. ఇప్పుడు కూర్చుంటోంది. వదిన స్టీలు గ్లాసు కనిపిస్తే రెండు చేతులూ చాపుతుంది. ఈమధ్య ‘త్తా, త్తా’ అంటోంది. టీచరమ్మ అది తాత అంటోందని అంటుంది. నాకు అత్తా అన్నట్టే వినిపిస్తుంది.

వదినకు తెలిసిన పని ఒక్కటే. ఎక్కడికి వెళ్లినా రోలరు ముందే నిలబడుతుంది. ఆ వేడిలో, పక్కన నిలబడేవాళ్లు లేకుండా. నా భయం అందుకే.

అందుకని మీరు ఒక సాయం చేయాలి. మీ ఊళ్లో దుప్పట్లు ఉతికే లాండ్రీ ఉంటే, ఒక్కసారి ఇస్త్రీ గదిలోకి తొంగి చూడండి. మడతపెట్టే వైపు చూడండి. ఎడమ ముంజేతి మీద గీత గీసినట్టు కాలిన మచ్చ ఉంటుంది. దుప్పటి మడిచాక రెండుసార్లు మెల్లగా తడుతుంది. గంట కొట్టినప్పుడు అందరూ తాగుతుంటే అటు తిరిగి నిలబడుతుంది. ఆవిడే. పిచ్చుక బాగుందని చెప్పండి. డాక్టరు అన్న మాట చెప్పండి. తమ్ముడు వెతుకుతున్నాడని కూడా చెప్పండి. తర్వాత ఒక గ్లాసు నీళ్లిచ్చి, ఆవిడ పొమ్మన్నా పోకుండా, మొత్తం తాగేదాకా అక్కడే నిలబడండి.